'అమ్మాయి'ని 'ఆవిడ' చేయడానికి ఎనిమిది నెలలు

పెళ్లి చేసుకోకుండా ఉద్యోగాలు చేసుకుంటున్న ఆడవాళ్ల గురించి 1994 నుంచి 2003 దాకా పత్రికలకు రాసిన వ్యాసాలు 31 ఉన్నాయి. పుస్తకంగా వేద్దామని కూర్చున్నప్పుడు రెండు నెలల పని అనుకున్నాను. ఎనిమిది నెలలు పట్టింది. చట్టాలు, అంకెలు సరిచూడ్డానికి మూడు నెలలు చాలాయి. మిగతా కాలమంతా నా వాక్యాలే తినేశాయి. ఇలాంటి పాత సరుకు బీరువాలో పెట్టుకున్నవాళ్లకు పనికొస్తుందని, పని సాగిన తీరు రాస్తున్నాను.

అక్షరం ముట్టుకునే ముందు హక్కుల సంగతి తేల్చుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, బయటినుంచి పత్రికకు రాసి పంపిన వ్యాసం మీద హక్కు రచయితదే. రాతపూర్వకంగా ఇచ్చేసి ఉంటే తప్ప అది పోదు. పత్రికలో జీతానికి పనిచేస్తూ రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో వేసుకునే హక్కు యాజమాన్యానిది, పుస్తకంగా తెచ్చుకునే హక్కు రాసినవారిది. వ్యాసంతోపాటు వచ్చిన బొమ్మ మాత్రం మనది కాదు, దానికి విడిగా అనుమతి కావాలి. అందరూ మర్చిపోయేది పాఠకుల ఉత్తరాలు. ఉత్తరం కాగితం మన దగ్గరున్నా అందులోని వాక్యాలు రాసినావిడవి. నా వ్యాసాల్లో తొమ్మిది ఉత్తరాలు ఉన్నవి ఉన్నట్టు దిగిపోయాయి. నలుగురి జాడ దొరికి ఒప్పుకున్నారు. మిగతా అయిదూ తీసేసి, వాటి సారాంశం రెండు మూడు వాక్యాల్లో నా మాటల్లో చెప్పాను.

తర్వాత పాఠం, అంటే వ్యాసాల టెక్స్ట్. నా దగ్గర మూడు రకాలుంది: అచ్చు కటింగులు, 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్న పేజ్‌మేకర్ ఫైళ్లు, ఆరు చేతిరాత ప్రతులు. 'అను' ఫైళ్లను ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు పక్క అక్షరానికి అంటుకోవడం, మహాప్రాణాలకు ఒత్తు ఊడిపోవడం మామూలే. అవి కంటికి కనిపించే తప్పులు కాబట్టి ప్రమాదం తక్కువ. అసలు తలనొప్పి కటింగులను స్కాన్ చేసి ఓసీఆర్‌తో (బొమ్మలోంచి అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) తీసిన పాఠంతో వచ్చింది. పాత అచ్చులో పకారం, వకారం దానికి ఒకేలా కనిపిస్తాయి. ఈ విషయం మీద రాసిన పుస్తకంలో ఆ తప్పు ఎక్కడ పడుతుందో ఊహించుకోండి: 'పెళ్లి' అన్నచోటల్లా 'వెళ్లి'. 'ఆవిడకు వెళ్లి మీద ఆసక్తి లేదు' అన్న వాక్యం చూసి నవ్వుకోవచ్చు గానీ, 'పెళ్లి చూసొచ్చింది' కాస్తా 'వెళ్లి చూసొచ్చింది' అయితే ఎవరూ పట్టుకోలేరు. రెండూ సరైన తెలుగే, స్పెల్‌చెక్ నోరెత్తదు. అందుకని 'వెళ్లి' అని వెతికి, తగిలిన ప్రతిచోటా కటింగు పక్కన పెట్టుకుని చూశాను. 'పని', 'పాడు', 'పారు' కూడా అలాగే.

పాఠం సరిచూడ్డానికి ఇద్దరు కావాలి. ఒకరు కటింగు చూసి పైకి చదవాలి, రెండోవారు ప్రింటవుట్ మీద పెన్సిల్ పెట్టుకుని వినాలి. కామాలు, కొటేషన్లతో సహా చదవాలి. ఒక్కరే చేస్తే సొంత వాక్యాన్ని కన్ను దిద్దుకుంటూ పోతుంది. రోజుకు రెండు వ్యాసాలకు మించి పెట్టుకోవద్దు, మూడోదానికి చెవి మొద్దుబారుతుంది. అలా తేలిన ప్రతిని తేదీ వేసి, తాళం వేసినట్టు పక్కన పెట్టేశాను. దిద్దుబాటంతా దాని నకలు మీదే.

నకలు మీద నాలుగు రంగులు. చట్టం, నిబంధన ఎరుపు. అంకె నీలం. మనుషుల ఆనవాళ్లు ఆకుపచ్చ. చదవగానే మొహం చిట్లించుకున్న వాక్యం పసుపు. మొదటి విడతలో ఏదీ దిద్దకూడదు, రంగు వేసి ముందుకు పోవాలి. మొదటి వ్యాసంలోనే దిద్దుతూ కూర్చుంటే పదో వ్యాసానికి వచ్చేసరికి సూత్రం మారిపోయి, మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది. నాకు అదే జరిగి పది రోజులు పోయాయి.

రంగులయ్యాక కాలాన్ని చెప్పే మాటలు ఏరాలి: ఇప్పుడు, ఈమధ్య, నేడు, గత పదేళ్లలో, త్వరలో. పత్రికలో ఇవి బతుకుతాయి, ఎందుకంటే పైన తేదీ ఉంటుంది. పుస్తకంలో అబద్ధాలవుతాయి. 'ఇప్పుడు' ఉన్న ప్రతిచోటా సంవత్సరం వేశాను, లేదా మాట ఎత్తేశాను. ప్రతి వ్యాసం కింద అచ్చయిన నెల, సంవత్సరం తప్పనిసరి.

చట్టాల దగ్గర నేను పెట్టుకున్న నియమం ఇది. రాసిన నాటికి ఒప్పుగా ఉండి తర్వాత మారినదైతే వ్యాసాన్ని కదపను, చివర తేదీతో ఒక వివరణ ఇస్తాను. రాసిన నాటికే తప్పైతే వ్యాసంలోనే దిద్ది, దిద్దానని వివరణలో ఒప్పుకుంటాను. ఈ రెండింటినీ కలిపేస్తే పాఠకుడికి ఎవరు తప్పో, చట్టమా నేనా, తెలియదు.

రెండో రకానికి మంచి ఉదాహరణ ఆస్తి వ్యాసం. 1996లో 'మన రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా' అని రాశాను. అప్పట్లో అందరూ అలాగే రాసేవాళ్లు. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తిస్తుంది. కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. మినహాయించింది ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లను. అంటే ఆ రోజుకు పెళ్లికాకుండా ఉంటే చాలు, మర్నాడు చేసుకున్నా వాటా పోదు. నా వాక్యం మాత్రం పెళ్లి చేసుకున్న క్షణాన వాటా ఆవిరైపోతుందన్నట్టు ఉంది. ఆస్తి కోసం పెళ్లి మానుకున్నారని అన్నదమ్ములు దెప్పడానికి అదే ఆధారమయ్యే రకం వాక్యం. దాన్ని వ్యాసంలోనే దిద్దాను. తర్వాతి సంగతులు వివరణలోకి వెళ్లాయి. 2005 సెప్టెంబర్ 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్లయిన, కాని తేడా దేశమంతా ఎత్తేసింది. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే చట్టబద్ధంగా జరిగిపోయిన పంపకాలను తిరగదోడదు. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతేమీ లేదని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. ఆ 2005 సవరణతోనే హిందూ వారసత్వ చట్టం 23వ సెక్షన్ కూడా పోయింది. పుట్టింట్లో ఉండే హక్కును పెళ్లికాని కూతురికి, వితంతువుకు, భర్త వదిలేసిన లేదా భర్త నుంచి విడిపోయిన కూతురికి మాత్రమే ఇస్తూ, ఇల్లు పంచమని అడిగే హక్కును మగ వారసుల ఇష్టానికి వదిలేసిన సెక్షన్ అది.

ఆ వ్యాసంలో తప్పు కన్నా పెద్ద లోపం ఇంకోటి ఉంది. ఆస్తి రావడం గురించి నాలుగు పేజీలు రాశాను గానీ, ఆవిడ తదనంతరం అది ఎవరికి పోతుందో ఒక్క ముక్క లేదు. విల్లు రాయకుండా పోతే, పెళ్లి చేసుకోని, పిల్లల్లేని హిందూ స్త్రీ సొంత సంపాదన అదే చట్టం 15వ సెక్షన్ ప్రకారం ముందు తల్లిదండ్రులకు, వాళ్లు లేకపోతే తండ్రి వారసులకు, ఆ తర్వాత తల్లి వారసులకు వెళ్తుంది. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో కలిసి బతికిన స్నేహితురాలికి చిల్లిగవ్వ రాదు. బ్యాంకులో నామినీగా పేరుంటే చాలనుకుంటారు. నామినీ డబ్బు అందుకునే మనిషి, వారసుడు కాదు. విల్లుకు రాసినవారి సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇంత ముఖ్యమైనది వివరణలో ఇరికించడం సబబు కాదనిపించి, అయిదు పేజీల కొత్త వ్యాసంగా కలిపి, కొత్తదని చెప్పాను.

ఉద్యోగంలో పెళ్లి నిబంధనల మీద రాసిన వ్యాసంలోనూ తీర్పులను గుర్తున్నంతవరకు రాసేశాను. ఎయిర్ ఇండియా, నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు ఎయిర్ హోస్టెస్‌లకు పెళ్లి ఆంక్ష కొట్టేసిందని రాశాను. కొట్టేసింది మొదటి గర్భంతోనే ఉద్యోగం పోవాలన్న నిబంధనను. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదలాలన్న నిబంధన సమంజసమేనని వదిలేసింది. నా వాదన మొత్తం తలకిందులైంది, ఆ పేరా తిరగరాయక తప్పలేదు. సి.బి. ముత్తమ్మ కేసు మాత్రం సరిగ్గానే ఉంది. 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ ఆమె. పెళ్లికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, పెళ్లయ్యాక కుటుంబ బాధ్యతలు పనికి అడ్డనిపిస్తే రాజీనామా చేయమనొచ్చు అన్న నిబంధనలను 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం చీల్చి చెండాడింది. తీర్పు పాఠం చూడకుండా పత్రికా కథనాన్ని బట్టి రాస్తే ఏమవుతుందో ఈ రెండు కేసులు పక్కపక్కన పెడితే చాలు.

మిగతా చట్టాల మార్పులకు తలా నాలుగు వాక్యాలు సరిపోయాయి. పనిచోట లైంగిక వేధింపుల వ్యాసం నాటికి, విశాఖ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన 1997 మార్గదర్శకాలే ఉన్నాయి. 2013 చట్టం వచ్చాక పదిమంది లేదా అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ, అంతకన్నా చిన్నచోట్లకు జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉండాలి, ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. పాస్‌పోర్టుకు తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలన్నది 2016 డిసెంబర్ మార్పు. గర్భస్రావ చట్టంలో 2021 సవరణ 'భర్త' స్థానంలో 'భాగస్వామి' అన్న మాట పెట్టింది. 20 నుంచి 24 వారాల మధ్య వెసులుబాటు పెళ్లికాని స్త్రీలకూ ఉందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. అద్దెగర్భం చట్టం, 2021, మాత్రం వితంతువులకూ విడాకులు తీసుకున్నవాళ్లకూ 35 నుంచి 45 ఏళ్ల మధ్య ఆ దారిన బిడ్డను పొందడానికి అనుమతించి, అసలు పెళ్లే చేసుకోనివాళ్లను బయట నిలబెట్టింది. దత్తత దగ్గర చిత్రం తిరగబడుతుంది. 1956 హిందూ దత్తత చట్టం పెళ్లికాని స్త్రీకి మొదటినుంచీ బిడ్డను పెంచుకునే హక్కు ఇచ్చింది. భర్త ఉన్న స్త్రీకి, అతని సమ్మతితో, తన పేరున దత్తత తీసుకునే హక్కు 2010 దాకా లేదు. ఈ సంగతి నా పాత వ్యాసంలో లేకపోవడం ఇప్పటికీ గింజుకునే విషయమే.

వర్కింగ్ విమెన్స్ హాస్టళ్ల వ్యాసానికి ఒక వివరణ: 1972–73లో మొదలైన కేంద్ర పథకానికి 2022 మార్గదర్శకాల్లో సఖి నివాస్ అని పేరు, వాటి ప్రకారం ఉండేవారి నెల ఆదాయం మెట్రో నగరాల్లో 50,000, మిగతాచోట్ల 35,000 మించకూడదు, మామూలుగా మూడేళ్లకు మించి ఉండనివ్వరు. మూడేళ్లలో ఏదో ఒక 'ఏర్పాటు' జరిగిపోతుందన్న నమ్మకం ఆ నియమంలో నాకు వినిపిస్తుంది.

అంకెల దగ్గర జారే చోటు ఒక్కటే, మాటలు. 2011 జనాభా లెక్కలనుంచి 'ఒంటరి మహిళలు 7.14 కోట్లు' అన్న అంకె అందరూ వాడతారు. 2001లో అది 5.12 కోట్లు. ఆ మొత్తంలో వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్లు, విడిగా ఉంటున్నవాళ్లు, పెళ్లి కానివాళ్లు అందరూ ఉన్నారు. పెళ్లికాని ఉద్యోగినుల వ్యాసంలో దాన్ని పెడితే ఎవరి గురించో చెబుతూ ఇంకెవరినో లెక్కపెట్టినట్టు. రెండు జనాభా లెక్కల మధ్య పెరుగుదల చెప్పేటప్పుడు వయసు విభాగం తప్పక చూడాలి. పదహారేళ్ల పిల్లను నలభై అయిదేళ్ల గుమాస్తాతో కలిపి 'అవివాహితలు' అనడం అర్థం లేని పని. ఆడవాళ్ల ఉద్యోగాల అంకె కూడా అలాంటిదే. పదిహేనేళ్లు దాటినవాళ్లలో శ్రమలో పాల్గొనే స్త్రీల శాతం కేంద్ర ప్రభుత్వ శ్రమశక్తి సర్వే (పీఎల్ఎఫ్ఎస్) ప్రకారం 2017–18లో 23.3, 2023–24లో 41.7. ఇది జీతం తెచ్చుకునేవాళ్ల లెక్క కాదు. సొంత పొలంలో, ఇంటి వ్యాపారంలో కూలి లేకుండా చేసేవాళ్లు కూడా అందులోనే. 1990లలో నేను వాడిన జాతీయ నమూనా సర్వే (ఎన్ఎస్ఎస్) అంకెల పక్కన దీన్ని నిలబెట్టి 'పెరిగింది' అనలేదు. జీతాలను నేటి రూపాయల్లోకి మార్చే పని కూడా పెట్టుకోలేదు. ఆ జీతంలో అద్దెకు ఎంత భాగం, ఇంటికి పంపింది ఎంత భాగం అన్నదే ఉంచాను. అది ఎప్పుడు చదివినా అర్థమవుతుంది.

ఆకుపచ్చ రంగు, అంటే మనుషుల ఆనవాళ్లు. పాత వ్యాసాల్లో పేర్లు మార్చాను కాబట్టి సరిపోతుందనుకున్నాను. సరిపోదు. ఉద్యోగం, ఊరు, వయసు మూడూ ఒకచోట కనిపిస్తే పేరు అక్కర్లేదు, ఆ జిల్లాలో ఆ హోదాలో అప్పుడు ఒకే ఒక్క ఆడమనిషి ఉండి ఉండొచ్చు. మూడింటిలో ఒకటి తీసేశాను, చాలావరకు ఊరు. వాదనకు ఆధారమైన వివరం (ఎందరిని పోషిస్తోంది, ఎన్నేళ్ల సర్వీసు) మార్చకూడదు, ఆధారం కానిది మార్చొచ్చు. ఇద్దరు మనుషులను కలిపి ఒకరిగా రాయడం మాత్రం వద్దు. అప్పుడు అది కథ అవుతుంది, వ్యాసం కాదు. 22 మందిలో 13 మందిని మళ్లీ కలుసుకోగలిగాను. వాళ్ల భాగాన్ని చేతికిచ్చి, చదివి చెప్పమన్నాను. ఫోన్లో చదివి వినిపిస్తే మొహమాటానికి 'బానే ఉందండీ' అనేస్తారు. కాగితం ఇచ్చి వారం గడువివ్వాలి. ఇద్దరు వద్దన్నారు, ఆ పేరాలు తీసేశాను. కలవలేకపోయినవాళ్ల విషయంలో ఆనవాళ్లు ఇంకో మెట్టు తగ్గించాను.

ఇక పసుపు రంగు.

అయిదో నెలలో ఒక పేజీలో రెండు వాక్యాలు పక్కపక్కన కనిపించాయి. ఒకే ఆఫీసులో పనిచేసే ఇద్దరి గురించి. 'ఇరవై ఆరేళ్ల ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి.' 'పక్క సీటులో నలభై ఒక్క ఏళ్ల అమ్మాయి, ఇంకా పెళ్లి కాలేదు.' రాసింది నేనే, పెళ్లికాని ఆడవాళ్లను చిన్నచూపు చూడకండని చెప్పే వ్యాసంలో. తాళిబొట్టు ఉంటే ఇరవై ఆరుకే 'ఆవిడ', లేకపోతే నలభై ఒకటికి కూడా 'అమ్మాయి'. వెతికితే పెళ్లికాని స్త్రీకి 'అమ్మాయి' 140 చోట్లకు పైగా తగిలింది. ఊరికే అన్నీ ఒకేసారి మార్చేస్తే కుదరదు, క్రియ కూడా కదులుతుంది. 'అమ్మాయి చెప్పింది' సహజం. 'ఆవిడ చెప్పింది' కొన్నిచోట్ల సరిపోతుంది, కొన్నిచోట్ల 'చెప్పారు' కావాలి. ఒక వ్యాసంలో ఒకరికి ఒకే మర్యాద ఉండాలి కాబట్టి, వ్యాసానికొక చీటీ పెట్టుకుని ఎవరికి ఏ క్రియో రాసుకున్నాను. ముప్ఫై దాటినవాళ్లందరూ 'ఆవిడ' లేదా 'ఆమె'. ఇరవైల్లో ఉన్నవాళ్లకు కూడా ఉద్యోగం గురించి మాట్లాడే చోట 'ఆమె'. కుమారి, శ్రీమతి పూర్తిగా ఎత్తేశాను. 'గారు' ఉండగా ఆ రెండింటి అవసరం తెలుగుకు ఎప్పుడూ లేదు.

తర్వాత వెతికినవి చిన్న చిన్న ముక్కలు. 'ఇంకా': 'ఇంకా పెళ్లి కాలేదు' అంటే రైలు ఇంకా రాలేదన్నట్టు, వస్తుందన్న భరోసా అందులో ఉంది. 'కాలేదు'కూ 'చేసుకోలేదు'కూ మధ్య తేడా కూడా చూడాలి. తనే వద్దనుకున్నావిడకు 'కాలేదు' అంటే ఆవిడ నిర్ణయాన్ని జాతకం ఖాతాలో వేసినట్టు. తమ్ముళ్ల చదువుల కోసం ఆగి, ఆగి, చివరికి మిగిలిపోయినావిడకు 'చేసుకోలేదు' అంటే ఇంటివాళ్ల బాధ్యతను మాఫీ చేసినట్టు. ఏది ఎవరికో పాత నోట్సు తీసి చూడక తప్పలేదు. నోట్సు లేనిచోట 'పెళ్లి లేదు' అన్నాను, అది ఎటూ మొగ్గదు.

అన్నిటికన్నా మొండిది '-గానే'. 'ఒంటరిగా ఉన్నా సంతోషంగానే ఉంది.' చదివితే మెచ్చుకోలులా ఉంటుంది. 'ఉన్నా', 'గానే' రెండూ కలిసి, ఉండకూడదు గానీ ఉందిలే, అంటున్నాయి. దాన్ని 'సంతోషంగా ఉంది' అని మారిస్తే ప్రకటనలా తేలిపోయింది. చివరికి సంతోషం మాట తీసేసి, నోట్సులో ఉన్నది పెట్టాను: 'ఆదివారాలు పన్నెండింటిదాకా పేపరు చదువుకుంటుంది, ఎవరూ లేపరు.' దిద్దిన వాక్యాల్లో సగం ఇలాగే తేలాయి. తీర్పు తీసేసి వివరం పెట్టడం, అంతే. వివరం లేకపోతే వాక్యమే పోయింది. 31 వ్యాసాల్లో మొత్తం మీద నలభై పేజీలు ఇలా కరిగిపోయాయి.

'ఒంటరి మహిళ' అన్న మాటను కూడా కదపాల్సి వచ్చింది. నేను వాడినప్పుడు అది వర్ణన. 2017లో తెలంగాణలో ఒంటరి మహిళలకు పింఛన్ మొదలయ్యాక అది సర్కారు కాగితాల్లో ఒక అర్హత పేరైంది. ఆసరా లేని స్త్రీ అన్న అర్థం గట్టిపడింది. జీతం తెచ్చుకుంటూ అమ్మతో కలిసి ఉంటున్నావిడకు ఆ పేరు అతకదు.

దిద్దడం ఎక్కడ ఆపాలన్నది చివరి చిక్కు. ఆ స్త్రీలు తమ నోటితో అన్న మాటలు ముట్టుకోలేదు. 'నాకింకా కాలేదండీ' అని ఆవిడే అంటే అది ఆవిడ మాట. అభిప్రాయాలు కూడా మార్చలేదు. ఉద్యోగం ఉంటే చాలు, అన్నీ సర్దుకుంటాయని 1995లో నమ్మాను, ఆ నమ్మకం అలాగే ఉంది, కింద సంవత్సరం ఉంది. 1994 నాటి మొదటి వ్యాసం ఒక్కటి 'అమ్మాయి'తో, 'గానే'తో సహా మక్కీకి మక్కీ ఉంచి, ఎందుకు ఉంచానో ముందుమాటలో చెప్పాను. దిద్దానని దాచుకోవడానికి ఏమీ లేదు, పాత సంచికలు గ్రంథాలయాల్లో ఉన్నాయి.

డీటీపీకి (కంప్యూటర్‌లో పేజీల కూర్పుకు) పంపేముందు ఒక పేజీ నియమాల పట్టిక తయారుచేసి డీటీపీ చేసేవారికీ ప్రూఫ్ రీడర్‌కూ చెరొకటి ఇవ్వాలి. వయసు అంకెల్లో, 'పెళ్లి'కి ఏ వర్ణక్రమం, ఎవరికి 'ఆవిడ', ఏ వ్యాసాన్ని కదపకూడదు, అన్నీ అందులో ఉండాలి. నేను మొదటి ప్రూఫ్‌కు ఇవ్వలేదు. పదకొండు చోట్ల 'ఆవిడ' మళ్లీ 'అమ్మాయి' అయి తిరిగొచ్చింది, మార్జిన్లో పెన్సిల్‌తో 'పెళ్లి కాలేదు కదా?' అని రాసి. రెండో ప్రూఫ్‌కు పట్టిక ఇచ్చాను. మూడు చోట్లకు తగ్గింది.